డెమో సేల్‌లో స్కీలు కొంటున్నారా? బైండింగ్ కింద ఏముందో అడగండి

మార్చి నెలాఖరు వచ్చేసింది. డెన్వర్ చుట్టుపక్కల షాపుల్లో డెమో స్కీలు, అంటే కొనేముందు వేసుకుని చూడమని సీజనంతా జనానికి ఇచ్చినవి, సగం ధరకు పెట్టేశారు. రెండేళ్లు అద్దె స్కీలతో నేర్చుకున్న మనవాళ్లు చాలామంది, ఇక సొంతవి కొనుక్కుందాం అని బయలుదేరేది ఇప్పుడే. పోయినేడు నేనూ అలాగే వెళ్లి 450 డాలర్లు పోగొట్టుకున్నాను. మోకాలు మిగిలింది, అదే పదివేలు.

నేను వెతికింది ఆల్-మౌంటెన్ రకం. చదును చేసిన వాలైనా, చెట్ల మధ్యయినా, మెత్తటి మంచయినా ఒక్క జతతో గడిచిపోవాలని. షాపువాళ్లు చూడమని ఇచ్చింది 172 సెంటీమీటర్ల పొడవు, నడుము దగ్గర, అంటే స్కీ మధ్యలో సన్నబడే చోట, 98 మిల్లీమీటర్ల వెడల్పు. ఒక్కోటి 1600 గ్రాములే. ఇదే వెడల్పులో లోపల లోహపు రేకు వేసినవైతే రెండు కిలోల దాకా తూగుతాయి. ఇందులో రేకు లేదు, లోపల పౌలోనియా చెక్క. చేత్తో పట్టుకుంటే బెండు ముక్కలా ఉంది.

ముందురోజు రాత్రి ఎనిమిది అంగుళాల మంచు పడింది. లవ్‌ల్యాండ్‌లో, ఐసెన్‌హోవర్ సొరంగం నెత్తిమీదున్న వాలుల్లో వేసుకుని దిగాను. అబ్బ, ఏం హాయి! పాదం ఇలా అంటే స్కీ అలా తిరిగేది. చిన్న గుట్ట కనిపిస్తే లేగదూడలా గెంతేది. నలభై ఏళ్లవాణ్ని, పదిహేనేళ్ల కుర్రాడిలా కేకలు పెట్టాను. పదకొండింటికల్లా కారెక్కేశాను. మధ్యాహ్నం దాటితే ఐ-70 మీద ట్రాఫిక్ సంగతి మీకు తెలిసిందే కదా.

మొదటి తప్పు అక్కడే చేశాను. మెత్తటి మంచులో ఏ తేలిక స్కీ అయినా బంగారమే. అదే మంచు మధ్యాహ్నానికి జనం తొక్కిడికి ముద్దలు ముద్దలై గట్టిపడ్డాక చూడాలి. కొన్న తర్వాత బ్రెకెన్‌రిడ్జ్‌లో ఓ చలి ఉదయం గట్టి వాలు మీద కాస్త వేగం అందుకోగానే స్కీ ముందుభాగం దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ అదురుని మింగేది బరువూ రేకూ. ఇందులో రెండూ లేవు. సరే, ఇది మోసం కాదు, నా తొందరపాటు. షాపువాళ్లని అనను.

అనాల్సింది రెండోదానికి. బైండింగ్ అంటే బూటుని స్కీకి బిగించి పట్టుకునేది. డెమో స్కీలకు ఉండే బైండింగ్‌లు వేరే. ఎవరి బూటు సైజుకైనా ముందుకీ వెనక్కీ జరపడానికి వీలుగా పట్టాల మీద ఉంటాయి. బిల్లు వేసేటప్పుడు "ఆ బైండింగ్‌లు మాకు కావాలి, మీకు మామూలువి బిగించి ఇస్తాం" అన్నారు. ఇంకా బరువు తగ్గుతుందిలే అని నేను సంబరపడ్డాను. పాతవి తీస్తే వాటి బెజ్జాలు మిగులుతాయని, కొత్తవాటికి పక్కనే మళ్లీ బెజ్జాలు వేస్తారని నాకు తట్టలేదు. వాళ్లూ చెప్పలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు లిఫ్టు క్యూలో మా బావమరిది నా వెనక నిలబడ్డాడు. "బావా, నీ మడమ దగ్గర ఏదో లేస్తోంది చూడు" అన్నాడు. బూటులో మంచు ఇరుక్కుందేమోలే అని పట్టించుకోలేదు. దిగేటప్పుడు రెండో మలుపులోనే కుడి కాలి బైండింగ్ వెనక ముక్క స్క్రూలతో సహా పైకి లేచొచ్చింది. నేనొక వైపు, స్కీ ఒక వైపు. అక్కడ వాలు తక్కువ కాబట్టి సరిపోయింది.

కింద కూర్చుని చూశాను. స్క్రూ ఉండాల్సిన చోట పై పొర చిన్న పొక్కులా ఉబ్బింది. బొటనవేలితో నొక్కితే బెజ్జంలోంచి నీళ్లు ఊరాయి. వేలికి తడి రంపపు పొట్టు అంటుకుంది.

తర్వాత ఇంకో షాపులో మెకానిక్ మిగతా స్క్రూలు కూడా విప్పాడు. ఒకటైతే వేళ్లతో తిప్పితేనే వచ్చేసింది. బైండింగ్ కింద రెండు వరసల బెజ్జాలు. పాతవాటికి ప్లాస్టిక్ బిరడాలు కొట్టారు. పాతదానికీ కొత్తదానికీ మధ్య ఒక్కోచోట అర సెంటీమీటరు కూడా లేదు. కనీసం సెంటీమీటరు ఉండాలట. రేకు లేని స్కీకి బెజ్జాలు వేయడానికి మామూలుగా 3.5 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు వాడతారు. దీనికి రేకు ఉన్నవాటికి వాడే 4.1 పెట్టి ఉంటారని ఆయన అనుమానం. బెజ్జాల్లో జిగురు జాడే లేదు. జిగురు వేస్తే పట్టూ ఉంటుంది, నీళ్లూ దిగవు. పౌలోనియా అసలే మెత్తటి చెక్క, నీళ్లు తాగాక ఇక స్క్రూని ఏం పట్టుకుంటుంది? ఏ తేలికదనం చూసి మురిసిపోయానో అదే కొంప ముంచింది.

కొన్న షాపుకి వెళ్తే రసీదు కింద చీమ తలకాయంత అక్షరాలు చూపించారు. "యాజ్ ఈజ్, ఫైనల్ సేల్" అట, అంటే ఉన్నది ఉన్నట్టే అమ్మాం, వెనక్కి తీసుకోం అని. చాలా మర్యాదగానే మాట్లాడారు. డబ్బు మాత్రం ఇవ్వలేదు.

కాబట్టి ఈ వారాంతం వెళ్లేవాళ్లు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: దీనికి ఎన్నిసార్లు బెజ్జాలు వేశారు? జవాబు రసీదు మీద రాయించుకోండి. రాయమంటే నసిగితే వచ్చేయండి. బైండింగ్ పక్కన ఫోన్ టార్చి వేసి చూస్తే బిరడాల గుండ్రటి ముఖాలు కొన్ని బయటికే కనిపిస్తాయి. బైండింగ్ చుట్టూ వేలితో తడిమి చూడండి, ఎక్కడా ఉబ్బు తగలకూడదు. డెమో బైండింగ్‌తో సహా అమ్మితే కాస్త బరువైనా అదే మేలు. అలాగే, పరీక్షకు తీసుకున్న రోజు మధ్యాహ్నం దాకా ఆగండి. ట్రాఫిక్‌లో రెండు గంటలు పోతే పోయాయి.

క్రెడిట్ కార్డు బ్యాంకుకి ఫొటోలతో సహా ఫిర్యాదు పెట్టాను. మొదటిసారి కొట్టేశారు, మళ్లీ పెట్టాను. స్కీలు గ్యారేజీలో ఉన్నాయి. ఎవరికో అమ్మేయమని మా బావమరిది సలహా. వాడికి పెళ్లి కాలేదు, బాధ్యత తెలీదు.