పొద్దుటి గొంతు కోసం కొన్న రేడియో

విశాఖపట్నం కంచరపాలెంలో మా ఇంటి ముందుగదే నా టైలరింగ్ షాపు. జాకెట్లు, చుడీదార్లు, చిన్నపిల్లల గౌన్లు కుడతాను. ఈ పనిలో చేతులకీ కళ్లకీ తీరిక ఉండదు, చెవులు మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా ఖాళీయే. టీవీ పెడితే చూపు అటు పోతుంది, కుట్టు వంకర పోతుంది. ఫోనులో పాటలు పెట్టుకుంటే మధ్యలో కాల్ వస్తుంది, ప్రకటన వస్తుంది, సుద్ద అంటిన చేత్తో ప్రతిసారీ దాన్ని ముట్టుకోవాలి. అందుకని నాకు రేడియోనే కావాలి. పాత సెట్టు ఇక బాగుపడదని మెకానిక్ తేల్చేశాక కొత్తది కొన్నాను. దాని గుణం దోషం రెండూ తెలిశాకే ఇది రాస్తున్నాను.

డాబాగార్డెన్స్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో 1,600 చిల్లరకి వచ్చింది. కంపెనీ పేరు చెప్పి లాభం లేదు. ఆ షాపులోనే నాలుగు పేర్లతో నాలుగు పెట్టెలు విప్పి చూపించారు, లోపల సెట్టు ఇంచుమించు ఒకటే, పైన స్టిక్కరు మాత్రం వేరు. పేరు కంటే ఇవి చూసుకోండి: ఎఫ్ఎంతో పాటు ఆకాశవాణి వచ్చే పాత బ్యాండు, మీడియం వేవ్, ఉండాలి, కరెంటు వైరుతో పాటు పెద్ద సెల్లులు పట్టాలి, స్పీకరు ముందు వైపు ఉండాలి, ముల్లు తిప్పుకునే చక్రం వేలికి బాగా అందాలి. నా సెట్టుకి ఇవన్నీ ఉన్నాయి. బ్లూటూత్ లేదు, రంగు దీపాలు లేవు. షాపు కుర్రాడు దీపాలు వెలిగేదాన్నే అంటగట్టాలని చాలా చూశాడు. దాన్ని కూడా పెట్టించుకుని విన్నాను. పాట అదిరింది, మనిషి మాట్లాడుతుంటే మాత్రం బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు ఉంది. వద్దన్నాను.

సాదా సెట్టుకి ఒకటే స్పీకరు. దాంట్లో డ్రమ్ము, తబలా బరువుగా పలకవు. పాటల కోసమే కొనేవాళ్లకి నచ్చకపోవచ్చు. కానీ మాట మాత్రం స్పష్టంగా వస్తుంది. మా మరిది టెలిఫోను శాఖలో పనిచేశాడు. పాత టెలిఫోను లైను మోసుకొచ్చేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నేనని, అవతలి మనిషి ఎవరో, సంతోషంగా ఉన్నాడో లేదో పోల్చుకోవడానికి అదే చాలని ఆయన చెబుతాడు. చిన్న స్పీకరు సరిగ్గా ఆ మేర బాగా పలుకుతుంది. మోటారు మిషను నడుస్తున్నా, గదిలో ఇద్దరు కస్టమర్లు మాట్లాడుకుంటున్నా, రేడియోలో ఏమంటున్నారో నాకు తెలుస్తూనే ఉంటుంది.

నాకు ఈ మాట వినే అలవాటు చేసింది ఒక ఆర్జే, అంటే ఎఫ్ఎంలో పాటల మధ్య మాట్లాడే మనిషి. పేరు రాయను. ఉద్యోగం వదిలి వెళ్లిపోయిన మనిషిని అడక్కుండా నలుగురిలోకి లాగడం నాకిష్టం లేదు. పది పదిహేనేళ్ల కిందట విశాఖలో పొద్దున్న ఏడు నుంచి పదకొండు దాకా ఎఫ్ఎం విన్నవాళ్లకి ఎవరో తెలిసిపోతుంది.

ఏడు కొట్టగానే పాట వేసేవాడు కాదు. ముందు ఊరి సంగతి చెప్పేవాడు. బీచ్ రోడ్డులో నడిచి వచ్చేవాడట. కెరటం ఎంత ఎత్తున ఉంది, కైలాసగిరి మీద మబ్బు దిగిందా, హార్బరులో బోట్లు ఒడ్డుకొచ్చాయా, చూసింది చూసినట్టు చెప్పేవాడు. వేట నిషేధం ఎత్తేసిన రోజైతే పెదజాలరిపేట అక్కలెవరినో ఫోన్లోకి పిలిచేవాడు. ఆ తర్వాత రోడ్లు. అప్పటికి ఎన్ఏడీ జంక్షన్‌లో ఫ్లైఓవర్ లేదు. గాజువాక వైపు వెళ్లేవాళ్లు ఎన్నింటికి బయల్దేరాలో, మద్దిలపాలెంలో ఏ పక్కన పైపు కోసం తవ్వారో చెప్పేవాడు. మావారు స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్లేవారు. జనరల్ షిఫ్టు ఉన్నరోజు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి అది విన్నాకే బండి తీసేవారు.

నాకు మరీ పనికొచ్చింది కరెంటు సంగతి. ఈపీడీసీఎల్ వాళ్లు లైన్ల మరమ్మతు కోసం ఏ ఏరియాలో ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా తీసేస్తారో చదివేవాడు. కంచరపాలెం మెట్టు అన్నాడంటే ఇస్త్రీ, మోటారు పనీ గబగబా కానిచ్చేసి, హుక్కులూ కాజాలూ హెమ్మింగూ ఆ టైముకి పెట్టుకునేదాన్ని. ప్రైవేటు ఎఫ్ఎం వాళ్లు సొంతంగా వార్తలు చదవకూడదు. ప్రభుత్వం 2011లో తెచ్చిన పాలసీలోనూ ఆకాశవాణి వార్తల్ని ఉన్నవి ఉన్నట్టు మళ్లీ వినిపించడానికే ఒప్పుకున్నారు. అయితే ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఉద్యోగాలు, కరెంటు, నీళ్లు లాంటివాటిని వార్తల కింద లెక్కపెట్టలేదు. వాటిని చెప్పొచ్చు. ఆ ఉన్న కొద్ది చోటునీ అతను పూర్తిగా మా కోసం వాడాడు.

మాట తీరు కూడా మాదే. అప్పట్లో రేడియోలోకి వచ్చినవాళ్లంతా ఒకేలా, సగం ఇంగ్లీషు కలిపి హడావుడిగా మాట్లాడేవారు. ఉత్తరాంధ్ర యాసని సినిమాల్లో నవ్వించడానికే వాడేవారు. అతను శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీతోనూ, ఆంధ్రా యూనివర్సిటీలో చదివే అమ్మాయితోనూ అదే యాసలో, అదే మర్యాదతో మాట్లాడేవాడు. పెద్దవాళ్లు ఫోన్ చేస్తే పిన్నిగారూ, మావయ్యా అనేవాడు. నాలాంటివాళ్లం అక్కలం. మాకు అతను తమ్ముడే. ఫోన్ చేసినవాళ్లు మాటలు వెతుక్కుంటుంటే తొందరపెట్టేవాడు కాదు. ఆగేవాడు. రేడియోలో అలా ఆగడం ఎంత కష్టమో, మిగతావాళ్లని విన్నప్పుడు తెలుస్తుంది.

ఒకసారి మా కస్టమర్ ఒకామె పెళ్లికూతురి జాకెట్లున్న సంచి సింహాచలం బస్సులో మర్చిపోయింది. మగ్గం వర్కు చేసినవి. పెళ్లి రెండు రోజుల్లో ఉంది. ఆమె నా షాపులో కూలబడి ఏడుస్తుంటే నేనే రేడియోకి ఫోన్ చేశాను. లైను కలిసింది. సంచి రంగు, లోపలి బట్టల రంగులు, బస్సు ఎక్కిన చోటు, టైము అన్నీ నిదానంగా అడిగి రాసుకుని, గంటకోసారి చదివాడు. మధ్యాహ్నానికి గోపాలపట్నంలో ఒక కిళ్లీ కొట్టాయన దగ్గర సంచి ఉందని కబురొచ్చింది. బస్సులోంచి ఎవరో తీసుకెళ్లి అక్కడ అప్పగించారట. ఆ కొట్లోనూ అదే స్టేషను మోగుతోంది. పెళ్లికి వెళ్లి ఆ జాకెట్టు చూసి నేను కళ్లు తుడుచుకున్నాను.

హుద్‌హుద్ తుపాను రోజులు కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12, ఆదివారం. మా వీధిలో చెట్టు మిగల్లేదు, రేకులు మిగల్లేదు. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. దీపావళి ఆ నెల 23న. కుట్టాల్సిన బట్టలు గుట్టగా ఉన్నాయి, వాటి మీద గోనెపట్టా కప్పి కూర్చున్నాం. పాత రేడియోలో మూడు సెల్లులు వేసి ముల్లు ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పుతూ ఉండేదాన్ని, ఎంతసేపూ గరగరే. రాత్రిళ్లు మీడియం వేవ్‌లో ఎక్కడో దూరపు స్టేషన్లు అందేవి. మీడియం వేవ్ చీకటి పడ్డాక పై ఆకాశంలో తగిలి తిరిగొచ్చి చాలా దూరం పోతుంది, అందుకే. మన ఊరి పేరు వాళ్ల నోట వింటే గుండె జారిపోయేది. కొన్నాళ్లకి మా రేడియో తమ్ముడి గొంతు మళ్లీ వచ్చింది. పాటల్లేవు. ఏ వీధికి నీళ్ల ట్యాంకరు వచ్చింది, పాల ప్యాకెట్లు ఎక్కడ దొరుకుతున్నాయి, పెట్రోలు బంకుల్లో వరస ఎంత ఉంది, అంతే. గొంతు బొంగురుపోయి ఉంది. మా వీధి ఆడవాళ్లందరం నా గుమ్మం ముందు నిలబడి విన్నాం. ఒంటరిగా లేమని ఆ రోజు నమ్మకం కుదిరింది నాకు.

తర్వాత ఒక సోమవారం ఏడింటికి వేరే గొంతు వచ్చింది. సెలవు పెట్టాడేమో అనుకున్నాం. మర్నాడూ అంతే, ఆ వారమంతా అంతే. వెళ్తున్నానని చెప్పనివ్వలేదో, అతనే చెప్పలేకపోయాడో. ఇంత మందిని అక్కా, పిన్నీ అని పిలిచిన మనిషికి వీడ్కోలు చెప్పడానికి ఒక్క పొద్దున్న ఇవ్వాల్సింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

కొత్త సెట్టు మీద పొద్దుటిపూట ఇప్పుడు నేను వినేది చెబుతాను. మీడియం వేవ్ 927, ఆకాశవాణి విశాఖపట్నం. ముల్లు 80కీ 100కీ మధ్య, 100కి దగ్గరగా పెట్టాలి. భక్తిరంజనితో మొదలుపెడతాను. 6.55కి సంస్కృత వార్తలు, అర్థం కాకపోయినా ‘ఇయం ఆకాశవాణీ’ అన్న ఆ మొదటి పలుకు చిన్నప్పటి నుంచి నాకు ఇష్టం. ఆకాశవాణి వాళ్ల మాటలో తొందర ఉండదు, అది ఈ స్పీకరులో బాగా నిలుస్తుంది. ఎఫ్ఎంలో ఆకాశవాణి వాళ్లదే 102 రెయిన్‌బో కూడా పెడతాను. ప్రైవేటు స్టేషన్లలో పొద్దున్న ఇప్పుడు ఎక్కువగా పాటలు, ప్రకటనలు. మధ్యలో నవ్వులు బాగానే ఉంటాయి, కానీ విని బయటికెళ్లే మనిషికి ఊరి గురించి తెలిసేది తక్కువ. ఒకే కంపెనీ స్టేషన్లు కార్యక్రమాలు పంచుకోవడానికి అదే 2011 పాలసీ దారి ఇంకా వెడల్పు చేసింది. ఒక ఊళ్లో చేసిన షో ఇంకో ఊళ్లోనూ వేసుకోవచ్చు. ఖర్చు తగ్గుతుంది, నిజమే. మరి ఎక్కడో కూర్చున్న మనిషికి జ్ఞానాపురంలో నీళ్లు నిలిచాయని ఎలా తెలుస్తుంది? ఈ ఊరి పొద్దుటి నాలుగు గంటలు ఈ ఊళ్లో నిద్రలేచే మనిషికే ఇవ్వండని స్టేషన్లవాళ్లని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇక సెట్టుతో నేను పడ్డ ఇబ్బందులు. ఎఫ్ఎం స్కేలు బాగా చిన్నది. మనకి 91.1, 92.7, 93.5 మూడూ పక్కపక్కనే ఉంటాయి, వెంట్రుకవాసి తిప్పితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతాం. 98.3, 102 విడిగా ఉంటాయి కాబట్టి సులువు. పెద్దవాళ్లకి కొనిపెడితే వాళ్లకి కావాల్సిన స్టేషను దగ్గర స్కేలు మీద గోళ్లరంగు చుక్క పెట్టండి. కరెంటు వైరు పొట్టిది, ఎక్స్‌టెన్షన్ బాక్సు తప్పదు. సెల్లులు మాత్రం బాగా వస్తున్నాయి. కరెంటు మీద వాడే రోజుల్లో వాటిని తీసి పక్కన పెట్టండి, లోపల కారితే స్ప్రింగులు పాడవుతాయి.

మీడియం వేవ్‌కి మోటారు మిషను పడదు. పెడల్ నొక్కగానే బుర్రుమంటుంది. కొన్ని ఎల్ఈడీ బల్బులతోనూ ఇదే తంటా. సెట్టుని మిషనుకి దూరంగా జరిపి, నిలువున పట్టుకుని మెల్లగా పక్కకి తిప్పి చూడండి. మీడియం వేవ్‌కి యాంటెనా సెట్టు లోపలే ఉంటుంది, పైకి లాగే పుల్ల ఎఫ్ఎంకి మాత్రమే. తిప్పుతుంటే ఒక మూల దగ్గర రొద బాగా తగ్గి మాట పైకొస్తుంది. నాకు షాపు గుమ్మం వైపు మూల పెడితే కుదిరింది. ఎఫ్ఎంకి ఈ గొడవ లేదు.

ఎఫ్ఎంకి అడ్డు మన కొండలు. అది దాదాపు తిన్నగా పోయే తరంగం, కొండ చాటున పడితే పలచబడిపోతుంది. నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిది అడివివరం. ఒక ఆదివారం సెట్టు పట్టుకెళ్లి వాళ్లింట్లో పెట్టి చూసింది. ఎఫ్ఎం డాబా మీద వచ్చింది, కింద గదిలో గరగరమంది. 927 మాత్రం గదిలోనూ బాగా వచ్చిందట, మీడియం వేవ్ నేలబారున కొండని చుట్టుకుని రాగలదు. యారాడ కొండ అవతల ఉండేవాళ్లు, సింహాచలం కొండల వెనక ఉండేవాళ్లు రెండు బ్యాండ్లూ ఉన్నదే తీసుకోండి.

షాపులో పాట పెట్టించుకుని చూడకండి. ఎవరైనా మాట్లాడుతున్న స్టేషను పెట్టించి, వాల్యూమ్ సగానికి తగ్గించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి వినండి. ఆ మనిషి ఏమంటున్నాడో తెలిసిందా, బిల్లు వేయించేయండి.