మూడు చలికాలాల తర్వాత మా బస్సు ఇల్లు: కప్పు లోపలి చెమ్మ గురించి

డీటీ466ఈ అనే డీజిల్ ఇంజిన్ ఎంత గట్టిదో, సీట్లు పీకాక నేల కింద ఎంత తుప్పు బయటపడుతుందో, బోల్టు రంధ్రాల మీద సెంటు నాణేలు అంటించి ఎలా మూయాలో స్కూలీ, అంటే పాత స్కూలు బస్సులో ఇల్లు, కట్టుకున్నవాళ్ళు చాలామంది చెప్పారు. మాదీ అలాంటి బండే. 2001లో తయారైన ఇంటర్నేషనల్ కంపెనీ బండి, 40 అడుగులు, ఒకప్పుడు టెక్సస్‌లో పిల్లల్ని బడికి తిప్పిన పసుపు బస్సు. నేనూ మా ఆయనా ఇద్దరు పిల్లలూ, ఏడాదికి నాలుగైదు నెలలు అత్తయ్య కూడా, మూడేళ్ళుగా అందులోనే ఉంటున్నాం. నేను రాయాలనుకున్నది మాత్రం ఒక్క కప్పు గురించే. కప్పంటే పైన కనిపించే చెక్క కాదు. ఆ చెక్కకీ బయటి రేకుకీ మధ్యనున్న ఒకటిన్నర అంగుళాల చోటు. మా మొదటి చలికాలాన్ని మింగేసింది ఆ ఒకటిన్నర అంగుళమే.

స్కూలు బస్సుకి ఇనుప పక్కటెముకలుంటాయి. బస్సు పల్టీ కొట్టినా లోపలి పిల్లలకి ఏమీ కాకూడదని ఒక వైపు నుంచి కప్పు మీదుగా రెండో వైపు దాకా విల్లులా వంచి బిగించిన కమానులవి. ఇల్లులా తయారై వచ్చే మామూలు ఆర్వీ బళ్ళు వదిలేసి మేం బస్సు కొన్నది ఆ గట్టిదనం చూసే. లోపలి పాత రేకుల్ని వందల రివెట్లు కోసి దించాం. చలి ఆగడానికి కమానుల మధ్య గాజు ఉన్ని కూర్చాం. దాని మీద పైన్ చెక్క పలకలు పరిచి, స్క్రూలతో నేరుగా ఆ కమానులకే బిగించాం. చెక్కకి నూనె పట్టించిన సాయంత్రం లోపల పడుకుని పైకి చూస్తే బోర్లించిన పడవ కింద ఉన్నట్టనిపించింది. ఆ వేసవంతా కప్పుతో ఏ ఇబ్బందీ రాలేదు. కనిపించిన వాళ్ళందరికీ ఆ చెక్కపని చూపించాను. కిటికీలు కూడా ఒక్కటీ రేకు బిగించి మూసేయలేదు. వైపుకి పన్నెండు చొప్పున ఇరవై నాలుగు. ఇండియాలో ఉన్న మా చెల్లెలికి వీడియో తీసి పంపిస్తూ, "ఎవరైనా బస్సు కట్టుకుంటే కిటికీలు మాత్రం మూయొద్దని చెప్పు" అన్నాను. ఆ మాట సంగతి తర్వాత చెప్తాను.

జనవరిలో అత్తయ్యకి గ్రాండ్ కాన్యన్ చూపిద్దామని అరిజోనా వెళ్ళాం. ఎడారి రాష్ట్రం కదా, చలేముంటుంది అనుకుంటాం. కానీ ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తులో ఉంది, మంచు బాగా పడుతుంది. పదేళ్ళు దాటిన బళ్ళని చాలా ఆర్వీ పార్కులు రానివ్వవు. అడగ్గా అడగ్గా ఒక చోట ఒప్పుకున్నారు. ఆ రాత్రి సున్నాకి పన్నెండు డిగ్రీలు కింద. కిటికీలన్నీ బిగించి, గ్యాస్ హీటరు పెట్టుకుని, కుక్కర్లో పప్పూ అన్నం వండుకుని, వేడివేడిగా తిని పడుకున్నాం.

రెండున్నరకి అత్తయ్య నా భుజం తట్టి లేపారు. "అమ్మాయ్, వానొస్తున్నట్టుంది, కప్పు కారుతోంది చూడు" అన్నారు. ఆవిడ చెంప మీద తడి ఉంది. తలుపు తీసి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. నక్షత్రాలు పిండి చల్లినట్టున్నాయి. లోపల మాత్రం చుక్కలు పడుతూనే ఉన్నాయి, అదీ అక్కడా ఇక్కడా కాదు. రెండడుగులకి పైచిలుకు దూరంలో ఒక వరస, మళ్ళీ అంతే దూరంలో ఇంకో వరస, సుద్దతో గీత గీసినట్టు. పిల్లల మీద తువ్వాళ్ళు కప్పి, ఐదుగురం ముందు వైపు జరిగి తెల్లారేదాకా కూర్చున్నాం.

బయటి నుంచే కారుతోందని మా ఆయన గట్టిగా నమ్మారు. మంచు మీదుగా నిచ్చెన వేసుకుని పైకెక్కి, అత్యవసర ద్వారాల చుట్టూ, ప్రతి రివెట్టు తల మీదా సీలెంట్ పూశారు. నాలుగు ట్యూబులు అయిపోయాయి. ఆ రాత్రీ అదే కథ. మర్నాడు పరుపు ఎత్తి చూస్తే అడుగున నల్లగా బూజు. మంచం కింది అరలో అత్తయ్య అంత దూరం నుంచి మోసుకొచ్చిన గుమ్మడి ఒడియాలు మెత్తబడి, వాటి మీద తెల్లని నూగు. ఆవిడ ఏమీ అనలేదు. ఒక్కొక్కటీ తీసి కవర్లో వేశారు, అంతే. చిన్నవాడికి పొడి దగ్గు పట్టుకుంది. అప్పుడు నాకు ఆ బస్సు మీద వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది.

అక్కడి నుంచి కిందికి దిగి క్వార్ట్‌జ్‌సైట్ వెళ్ళాం. చలికాలంలో దేశంలోని ఆర్వీల వాళ్ళు పెద్ద ఎత్తున వచ్చి దిగే ఎడారి ఊరది. మా పక్కన దిగిన పెద్దాయన వెల్డింగ్ పని చేసి రిటైరయ్యారట. మా గోడు విని, తెల్లవారక ముందే ఒక పలక విప్పి చూడమన్నారు. ఎండెక్కాక విప్పితే ఏమీ కనపడదన్నారు. ఐదింటికి టార్చి లైటు పట్టుకుని మూడు పలకలు దించాం. కమానులోని ప్రతి స్క్రూ రంధ్రం దగ్గరా ఒక్కో నీటి చుక్క వేలాడుతోంది. ఒకటీ రెండూ కాదు, వరస పొడుగునా. వేలితో తాకితే చుక్క జారి నా మణికట్టు మీదుగా మోచేతి దాకా పాకింది, చల్లగా. కమాను అంచున పలచగా నారింజ రంగు తుప్పు. గాజు ఉన్ని పట్టుకుని నొక్కితే స్పాంజిలా నీళ్ళు కారాయి. పైకప్పుకి చిల్లు లేదు. ఆ నీళ్ళన్నీ మావే.

ఎలాగో తర్వాత లెక్క కట్టుకున్నాను. ఒక కిలో ప్రొపేన్ గ్యాస్ మండితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. 20 పౌండ్ల సిలిండరు ఖాళీ అయ్యేసరికి దాదాపు 15 లీటర్లు. మేం వాడిన హీటరుకి పొగగొట్టం లేదు కాబట్టి అదంతా ఇంట్లోనే మిగిలేది. దానికి తోడు ఐదుగురి ఊపిరి, కుక్కరు ఆవిరి, పొద్దున్నే ఇడ్లీ, ఆరేసిన పిల్లల బట్టలు. లోపల 20 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే 14 డిగ్రీల కంటే చల్లగా ఉన్న వస్తువు మీదల్లా నీరు పడుతుంది. ఉక్కు చెక్క కంటే వందల రెట్లు వేగంగా చలిని లోపలికి మోస్తుంది. బయట మంచులో ఉన్న రేకుకి కమాను, కమానుకి స్క్రూ, స్క్రూ తల మా పడగ్గదిలో. చల్లటి మజ్జిగ చెంబు మీద చెమట పట్టడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో రేకుల వసారా ఉండేది. సంక్రాంతి మంచు రోజుల్లో తెల్లవారుజామున ఆ రేకుల అడుగు నుంచి టప్‌టప్‌మని చుక్కలు పడేవి. మంచం లోపలికి లాక్కోమని అమ్మమ్మ కేకేసేది. ఆ టార్చి వెలుగులో నిలబడి నేను తలచుకున్నది ఆవిడనే.

మార్చి చివర్లో డాలస్‌లో స్నేహితుల ఇంటి ముందు బస్సు ఆపి కప్పు మొత్తం విప్పేశాం. తడి ఉన్ని పదకొండు సంచులైంది. కమానుల్ని తీగ బ్రష్షుతో గీకి, తుప్పుని మార్చే ఫాస్ఫారిక్ ఆసిడ్ పూత పూశాం. ఒక పనివాణ్ణి పిలిపించి రెండంగుళాల మందాన క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్, అంటే పిచికారీ చేశాక గట్టిపడే నురగ, కొట్టించాం. దీని గొప్పతనం వేడిని ఆపడం ఒక్కటే కాదు. ఉక్కుకి గమ్ములా అతుక్కుపోయి, తేమగాలి చల్లటి రేకు దాకా వెళ్ళకుండా అడ్డుకుంటుంది. మా కమానుల లోతు ఒకటిన్నర అంగుళమే కాబట్టి వాటి మీద కూడా అరంగుళం ఫోమ్ కప్పుకుంది. దాని పైన చెక్క పట్టీలు అడ్డంగా వేసి, పాత పైన్ పలకల్ని వాటికే బిగించాం. పట్టీని కమానుకి పట్టించే బోల్టులు తప్ప ఇప్పుడు చెక్కకీ ఉక్కుకీ తగులుబాటు లేదు. ఆ బోల్టుల కింద రబ్బరు వాషర్లు వేయించాను. ఫోమ్ కొట్టాక మూడు రోజులు ఎవరినీ లోపల పడుకోనివ్వలేదు. పిల్లలున్న వాళ్ళు ఈ విషయంలో తొందరపడొద్దు.

గ్యాస్ హీటరు తీసేసి డీజిల్ హీటరు పెట్టుకున్నాం. అది మంటకి కావలసిన గాలి బయటి నుంచే పీల్చుకుని, పొగని బయటికే వదులుతుంది. లోపలికి వచ్చేది పొడి వేడి. కుక్కరు ఇండక్షన్ మీదకి మారింది. తిరగమోత, దోసెలు మాత్రం గ్యాస్ మీదే. పొయ్యి వెలిగించే ముందే కప్పులోని ఫ్యాన్ తిప్పి, ఎదురు వైపు కిటికీ రెండు వేళ్ళ సందు తెరుస్తాను. చలికి ఇంట్లో అందరూ గొణుగుతారు. నేను ఒప్పుకోను.

రెండో చలికాలం మళ్ళీ ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్ళాం. కావాలనే వెళ్ళాం. అదే ఆర్వీ పార్కు, దాదాపు అంతే చలి. మూణ్ణాలుగు సార్లు లేచి కప్పు తడిమి చూశాను. పొడిగా, గోరువెచ్చగా ఉంది చెక్క. పక్కనున్న తేమ మీటరు 46 శాతం చూపిస్తోంది, ముందు ఏడాది అదే 80 దాటేది. తెల్లారాక మా ఆయన్ని లేపి, "ఏమండీ, ఒక్కసారి పైకి చేయి పెట్టి చూడండి" అన్నాను. ఆయన చేయి పెట్టి కాసేపు తీయలేదు. సరుకుల అరలో అప్పడాలు ఏప్రిల్ దాకా ఫెళఫెళలాడాయి. మూడో చలికాలం కూడా గడిచింది. కప్పు నుంచి ఒక్క చుక్క పడలేదు.

అయితే పోగొట్టుకున్నవీ ఉన్నాయి. లోపల ఎత్తు ఒక అంగుళంన్నర తగ్గింది. మా ఆయనకి ఇప్పుడు వంటింటి దగ్గర తల పైకి వేలెడు ఖాళీ మిగిలింది. కొంచెం పొడుగైన వాళ్ళకి ఈ పని కుదరదు, కప్పు కోసి లేపించుకోవాల్సిందే. ఇంకోటి, వాన చప్పుడు పోయింది. మొదటి వేసవిలో రేకు మీద వాన పడుతుంటే పిల్లలూ నేనూ మాటలాపి వినేవాళ్ళం. ఇప్పుడు దూరంగా ఎక్కడో పడుతున్నట్టుంటుంది. దానికి నాకు నిజంగానే బెంగగా ఉంది.

కిటికీల గురించి చెల్లెలికి చెప్పిన మాటకి వస్తాను. బస్సు కిటికీ ఒంటి అద్దం, అల్యూమినియం చట్రం. కప్పు పొడిబారాక తేమ ఎక్కువగా చేరే చోటు అదే. పొద్దున లేచేసరికి అద్దాల అడుగున నీళ్ళు నిలిచేవి. పడకల పక్కనున్న పది కిటికీలు తీసేసి రేకు బిగించి ఫోమ్ వేశాం. పెద్దది రెండు రోజులు నాతో మాట్లాడలేదు, తన మంచం పక్క కిటికీ పోయిందని. ఆ ఒక్కటీ తనకి తిరిగిచ్చి, బదులుగా ఎదురుది మూశాం. ఎండ ప్రాంతాల్లోనే తిరిగేవాళ్ళు కిటికీలన్నీ ఉంచుకోండి, హాయిగా ఉంటుంది. మంచులో నిద్రపోవాలనుకునే వాళ్ళకి మాత్రం నా పాత సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

మరి బస్సు ఇల్లు కట్టుకోవచ్చా అంటే, నా జవాబు మా ఇంటి పరిస్థితిని బట్టే ఉంటుంది. మా ఆయనది ఎక్కడి నుంచైనా చేసుకోగల ఉద్యోగం, పిల్లలకి చదువు నేనే చెప్పుకుంటాను, మాకు గ్రీన్‌కార్డు వచ్చాకే బయల్దేరాం. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళు పని చేసే చోటు వేరే మెట్రో ప్రాంతానికి మారితే వాళ్ళ కంపెనీ వీసా పిటిషన్ సవరించాలి. ఊరూరా తిరిగే ఇంటికీ దానికీ పొసగడం కష్టం. ఇన్సూరెన్సు దొరకడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఇంకొకటి, మాది మూడు పూటలా పొయ్యి వెలిగే ఇల్లు. శాండ్‌విచ్‌లతో గడిపేసే ఇద్దరు మనుషులకి గాజు ఉన్నితోనే సరిపోతుందేమో. ఉదయాన్నే ఇడ్లీ పాత్ర పెట్టే ఇంటికి సరిపోలేదు, అంతే చెప్పగలను. మొదటిసారే ఫోమ్ కొట్టించి ఉంటే కప్పు రెండుసార్లు కట్టే ఖర్చూ, ఆ పదకొండు సంచుల తడి ఉన్నీ, చిన్నవాడి ఆ నెల దగ్గూ తప్పేవి.

వెనకనున్న ఎమర్జెన్సీ తలుపుకి ఇప్పటికీ ఫోమ్ లేదు. ఆపద వస్తే పిల్లలు దూకాల్సింది అటే. దాని గొళ్ళెం, అంచులు కదలకుండా పోతాయని నేనే వద్దన్నాను. చలి రాత్రుళ్ళు ఆ చట్రం కింద పాత నూలు తువ్వాలు మడిచి పెడతాను. పొద్దున్నే దాన్ని పిండి, అద్దం దగ్గర ఆరేసి, అప్పుడు పొయ్యి వెలిగిస్తాను.