పెరోవ్‌స్కైట్ సెల్‌లో చార్జ్ కదలిక: కాంతిని కొలవాలా, కరెంటునా?

పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసిన సోలార్ సెల్‌లో చార్జ్ ఎలా కదులుతోందో తెలుసుకోవాలంటే పంప్-ప్రోబ్ (లేజర్ పల్స్‌లతో కాంతిని కొలిచేది) మేలా, యాక్షన్ స్పెక్ట్రోస్కోపీ (కాంతి పుట్టించిన కరెంటును కొలిచేది) మేలా? నా జవాబు ముందే చెప్పేస్తాను. ఫిల్మ్ (పలుచని పెరోవ్‌స్కైట్ పూత) లోపల ఏం జరుగుతోందో చూడాలంటే మొదటిది. సెల్ నుంచి బయటికొచ్చే కరెంటు గురించి మాట్లాడాలంటే రెండోది, అదీ గట్టి పరీక్షలు పెట్టాకే.

పంప్-ప్రోబ్‌లో ఒక లేజర్ పల్స్ ఫిల్మ్‌లో చార్జ్‌లు పుట్టిస్తుంది. కాస్త ఆగి పంపిన రెండో పల్స్‌ను ఫిల్మ్ ఎంత పీల్చుకుందో చూస్తారు. గాజు మీద పూసిన ఫిల్మ్ చాలు, ఎలక్ట్రోడ్‌లు అక్కర్లేదు. ఫెమ్టోసెకన్ల కదలిక కూడా దొరుకుతుంది. 2009లో 3.8 శాతం సామర్థ్యంతో మొదలైన ఈ సెల్‌లు 26 శాతం దాటాయంటే, లోపలి సంగతులు ఇలా కళ్లకు కట్టడం కూడా అందుకు సాయపడింది.

అయితే ఎలక్ట్రోడ్‌కు చేరబోయే చార్జ్, దారిలో ట్రాప్‌లో (స్ఫటికంలోని లోపం దగ్గర) పడి చచ్చిపోయే చార్జ్ రెండూ ప్రోబ్ పల్స్‌కు ఒకేలా కనిపిస్తాయి. పైగా సిగ్నల్ బాగా రావాలని పంప్ తీవ్రత పెంచుతాం. దాంతో మామూలు ఎండలో ఉండే చార్జ్ సాంద్రతకు వంద రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పుడుతుంది. అక్కడ చూసిన వేగం డాబా మీది ప్యానెల్‌కు వర్తిస్తుందని ఎలా అనుకోగలం?

పొరల పెరోవ్‌స్కైట్‌లో ఈ చిక్కు స్పష్టంగా తెలుస్తుంది. పలుచని పొరలు (n=2, అంటే రెండు పలకల మందం) 570 నానోమీటర్ల దగ్గర, కాస్త మందమైనవి (n=3) 610 దగ్గర కాంతిని పీల్చుకుంటాయి. పంప్-ప్రోబ్‌లో పలుచని పొరల సిగ్నల్ తగ్గుతూ, మందమైన పొరల సిగ్నల్ పెరుగుతూ కనిపిస్తుంది. శక్తి మెట్లు దిగుతూ మందమైన పొరలకు చేరుతోందన్నమాట. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ అలా దిగినందువల్ల కరెంటు పెరిగిందా, లేక చార్జ్ అడుగున చిక్కుకుపోయిందా? నార్త్ కరోలినా యూనివర్సిటీ (చాపెల్ హిల్)లో ఆండ్రూ మోరన్ బృందం నాన్‌లీనియర్ ఫోటోకరెంట్ కొలతలకు (రెండు పల్స్‌లు కలిసి కరెంటును ఎంత మారుస్తాయో చూడడానికి) దిగింది ఈ ప్రశ్న కోసమే.

యాక్షన్ స్పెక్ట్రోస్కోపీ పాత ఆలోచనే. పీల్చుకున్న కాంతిని కాకుండా, ఆ కాంతి చేసిన పనిని కొలవడం. 1880లలో ఎంగెల్‌మన్ నాచుపోగు మీద ఇంద్రధనుస్సు రంగులు పరిచి, ఆక్సిజన్ కోరే బాక్టీరియా ఎరుపు, నీలం దగ్గర గుమిగూడడం చూశాడు. సోలార్ సెల్‌లో ఆ పని కరెంటు. మనం రోజూ తీసే ఈక్యూఈ గ్రాఫ్ (ఒక్కో రంగు కాంతిలో ఎంత వంతు కరెంటుగా మారిందో చూపేది) కూడా ఈ కుటుంబానిదే. మోనోక్రోమేటర్ (ఒక్కో రంగును విడదీసేది), చాపర్ (కాంతిని ఆపి ఆపి వదిలేది), లాక్-ఇన్ (ఆ లయలో వచ్చే కరెంటును మాత్రమే పట్టేది) ఉంటే అయిపోతుంది. కాకపోతే అందులో టైమ్ ఉండదు.

టైమ్ కోసం ఆసిలోస్కోప్ పెడితే చాలదా? లెక్క వేసి చూడండి. 0.1 చదరపు సెంటీమీటరు సెల్, 400 నానోమీటర్ల ఫిల్మ్, డైఎలక్ట్రిక్ విలువ సుమారు 30 అనుకుంటే కెపాసిటెన్స్ దాదాపు 6.6 నానోఫారడ్‌లు. 50 ఓమ్‌ల నిరోధంతో స్పందన 300 నానోసెకన్లు దాటిపోతుంది. చార్జ్ ఫిల్మ్ దాటడానికి 4 నానోసెకన్లే పడితే ఆ ప్రయాణం మొత్తం అందులో కొట్టుకుపోతుంది.

అందుకే రెండు పల్స్‌ల పద్ధతి. మొదటి పల్స్ పుట్టించిన చార్జ్‌లు ఇంకా ఫిల్మ్‌లో ఉండగా రెండో పల్స్ వస్తే, రెండు పల్స్‌ల చార్జ్‌లూ కలిసి కొంత నాశనమై మొత్తం కరెంటు తగ్గుతుంది. మొదటివి బయటికెళ్లిపోయాక వస్తే ఆ తగ్గుదల ఉండదు. కాబట్టి పల్స్‌ల మధ్య విరామాన్ని పెంచుతూ పోతే ప్రయాణ కాలం తెలుస్తుంది, డిటెక్టర్ ఎంత నిదానమైనా ఫర్వాలేదు. పై ఉదాహరణలో వేగం సెకనుకు 100 మీటర్లు. సెల్ లోపల 1 వోల్టు ఉంటే మొబిలిటీ (విద్యుత్ క్షేత్రంలో చార్జ్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పే కొలత) 0.4 చదరపు సెంటీమీటర్లు/వోల్ట్-సెకను. పల్స్ రంగు మార్చి ఏ పొర చార్జ్ ఎంత వేగంగా వెళ్తోందో విడదీయొచ్చు. కాంతిని మాత్రమే కొలిచే పద్ధతిలో ఇది కుదరదు.

ఇక పరీక్షలు. కరెంటును తాపీగా కూడబెట్టి కొలుస్తాం గనుక, రెండు పల్స్‌లూ అయిపోయాక నింపాదిగా జరిగే రీకాంబినేషన్ (చార్జ్‌లు కలిసి నాశనమవడం) కూడా సిగ్నల్‌లో చేరి, పొరల మధ్య సంబంధం ఉన్నట్టు భ్రమ పుట్టిస్తుంది. అందుకే తీవ్రత తగ్గించి చూడాలి. రెండు పల్స్‌లనూ సగం చేస్తే నాన్‌లీనియర్ సిగ్నల్ నాలుగో వంతుకు పడాలి. పడకపోతే ఆ డేటాను నేను నమ్మను. రివర్స్ బయాస్ (చార్జ్‌లను బయటికి లాగేలా బయటినుంచి పెట్టే వోల్టేజీ) పెంచినప్పుడు, విరామంతో మారని నేపథ్యం తగ్గుతోందా అని కూడా చూస్తాను.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేవి అయాన్‌లు. అయోడైడ్ అయాన్‌లు సెకన్ల వ్యవధిలో జరిగి లోపలి విద్యుత్ క్షేత్రాన్ని కప్పేస్తాయి. బయట పెట్టిన వోల్టు లోపల ఫిల్మ్ అంతటా సమంగా పరుచుకుందనుకుంటే మొబిలిటీ తప్పుగా వస్తుంది. ఏ బయాస్ దగ్గర, ఎంతసేపు ఆగాక కొలిచారో రాయని డ్రిఫ్ట్ వేగాన్ని (విద్యుత్ క్షేత్రం లాగినప్పటి చార్జ్ వేగాన్ని) ఇంకో సెల్ వేగంతో నేను పోల్చను.