బాదేపల్లి మార్కెట్ దగ్గరి రొట్టెల హోటల్: అవ్వ లేకున్నా రొట్టె తప్పలేదు, బోటి తప్పింది

జడ్చర్లలో జొన్నరొట్టె ఎక్కడ బాగుంటుందని అడిగితే ఇప్పటికీ చెప్పాల్సింది బాదేపల్లి మార్కెట్ యార్డు దగ్గరి ఈ రేకుల షెడ్డే. బోర్డు లేదు. ఏ హమాలీని అడిగినా అవ్వ హోటల్ అని చెయ్యెత్తి చూపిస్తాడు. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ముగ్గురు కోడళ్లు, ఒక మనవరాలు కలిసి నడుపుతున్నారు. ఆమెతోనే రుచి పోయిందని కొందరు, ఏమీ మారలేదని కొందరు అంటున్నారు. రెండూ సరికాదు. రొట్టె, పచ్చిపులుసు, పల్లీల తొక్కు ఆమె ఉన్నప్పటిలాగే ఉన్నాయి. మటన్ బాగుంది. బోటి మాత్రం దిగజారింది.

అవ్వ పిండి కంటే ముందు గింజను చూసేది. వానాకాలం జొన్న కోతకొచ్చే వేళ వాన పడితే గింజ బూజుపట్టి నల్లబడుతుంది, రొట్టె చేదెక్కుతుంది. అందుకే యాసంగి తెల్లజొన్నే కొనేది. పంట చేతికొచ్చినప్పుడే ఏడాదికి సరిపడా తీసుకుని, ఎండబెట్టి, వేపాకు వేసి సంచులు కట్టించేది. ఇప్పుడూ అదే జరుగుతోంది. వారానికి రెండుసార్లు గిర్నికి పంపుతారు, అంతకు మించి నిల్వ పెట్టరు. జొన్నలో మొలక భాగంలోని నూనె కూడా పిండిలో కలిసిపోతుంది కాబట్టి నిల్వ పిండి ముక్కవాసన వేస్తుంది, జిగి తగ్గి రొట్టె అంచులు పగులుతాయి. గిర్ని నుంచి వేడివేడిగా వచ్చిన పిండిని డబ్బాలో పోసి మూత పెట్టరు. పాతచీర పరిచి ఆరబోస్తారు, లేకుంటే లోపల చెమ్మ పట్టి ఉండ కడుతుంది. గిర్నిలో ముందు మక్కలు పట్టి ఉంటే మొదటి రెండు దోసిళ్ల పిండి వేరే తీసి బర్రె కుడితిలో కలుపుతారు. ఈ చిన్న జాగ్రత్తకు కూడా బద్ధకించని హోటళ్లు తక్కువ.

గోధుమపిండిలో ఉండే సాగుడు జొన్నలో ఉండదు. పిండిని పట్టి ఉంచేది ఉడుకునీళ్లే. గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు పైన, గ్లాసుకు లోపల నీళ్లు పడతాయి. పాతగింజ కాస్త ఎక్కువ తాగుతుంది. నీళ్లు తెర్లుతుండగా పిండి నడుమ గుంట చేసి పోస్తారు, కట్టెగంటెతో కలిపి మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేస్తారు. నీళ్లు గోరువెచ్చగా పడ్డాయా, ఎంత మర్దించినా రొట్టె అంచు చీలుతుంది. తర్వాత చన్నీళ్లు తడుపుకుంటూ అరచేతి మడమతో పీటకేసి నలుపుతారు. చూడాల్సింది ఇక్కడే: రెండు మూడు రొట్టెలకు సరిపడేంతే నలుపుతారు. పదిహేను రొట్టెల పిండి ఒకేసారి కలిపితే చివరి ఉండలు ఆరిపోయి తట్టేటప్పుడు విరుగుతాయి. గిరాకీ ఎంత ఉన్నా ఈ లెక్క మార్చొద్దని అవ్వ పట్టుబట్టేది. పన్నెండున్నరకు బల్లలన్నీ నిండి అరుస్తున్నా పెద్దకోడలు ఇప్పటికీ మార్చడం లేదు.

పీట మీద పొడిపిండి చల్లి చేత్తోనే తడతారు, నడుమ కొంచెం మందం, అంచు పలుచన. పొడి అంటిన వైపు పైకి వచ్చేలా పెంక మీద వేసి, వెంటనే తడిబట్టతో పైపొడి తుడుస్తారు. ఆ తడి ఆరీఆరగానే తిప్పాలి. ముందే తిప్పితే పెంకకు అతుక్కుంటుంది, ఆలస్యమైతే పైన బీటలు పడతాయి, ఇక పొంగదు. రెండోవైపు మచ్చలు పడేదాకా కాల్చి, మళ్లీ తిప్పి బట్టతో అంచులు నొక్కితే పూరీలా లేస్తుంది. పొయ్యిలో సర్కారు తుమ్మ కట్టెలు పెడతారు. పత్తికట్టె భగ్గుమని మండి ఆరిపోతుంది, దాంతో పెంక వేడి నిలవదు. గ్యాస్ పెట్టమని కొడుకులు చాలాసార్లు అడిగినా అవ్వ కూరలకే ఒప్పుకుంది, రొట్టెకు ఒప్పుకోలేదు. ఆమెదే సరైన నిర్ణయం. గ్యాస్ మంట పెంక నడుమ మాడ్చి అంచులు పచ్చిగా వదిలేస్తుంది.

44వ నంబరు జాతీయ రహదారి పొడవునా జొన్నరొట్టె అని రాసిన దాబాలు కనిపిస్తాయి. చాలాచోట్ల గోధుమపిండి కలిపి కర్రతో ఒత్తుతారు. తేడా తెలుసుకోవడం సులువు. రొట్టె అంచు పట్టి లాగండి. సాగకుండా టక్కున తెగితే జొన్న, సాగి తెగితే గోధుమ కలిసింది.

అవ్వ గొప్పతనం చేతివాటంలోనే ఉందనుకుంటే పొరపాటు. పని పంచిన తీరులో ఉంది. పెద్దకోడలికి పిండి, పెంక. నడిపికోడలికి కూరలు. చిన్నకోడలికి గల్లాపెట్టె, సరుకుల బజారు. ఒకరు పుట్టింటికి పోయినా, పురిటికి పోయినా పని ఆగకూడదని ప్రతి ఒక్కరికీ పక్కదాని పని కూడా నేర్పింది. పదకొండు గంటలకు గిరాకీ మొదలవకముందే ఇంటివాళ్లంతా అదే గంజులోంచి తినాలి. ఆకలితో వండేవాళ్లు ఉప్పు సరిగ్గా చూడరన్నది ఆమె లెక్క, పైగా కూరలో తప్పుంటే గిరాకీ కంటే ముందు ఇంటివాళ్లకే తెలుస్తుంది. గల్లాలోంచి పిల్లల ఫీజుల డబ్బు ముందు తీసి పక్కన పెట్టేది, మిగిలిందే కొడుకుల చేతికి. ఈ కట్టుబాటు ఉండబట్టే ఆమె పోయిన పదకొండో రోజు దాటగానే పొయ్యి వెలిగించగలిగారు. మనిషితోనే మూతపడే హోటళ్లు మన జిల్లాలో కొల్లలు.

పచ్చిపులుసు ఇక్కడ ఉచితం, అడిగినంత పోస్తారు. నిమ్మకాయంత చింతపండును చన్నీళ్లలో నానబెట్టి, పిసికి, సుమారు లీటరు పులుసు చేస్తారు. పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, ఉల్లిగడ్డ, జీలకర్ర, ఉప్పుతో కలిపి చేత్తో నలుపుతారు. వేయించి దంచిన నువ్వులపొడి, కొత్తిమీర వడ్డనకు ముందే పడతాయి. నువ్వులు చిటపటలాడగానే దించాలి, రంగు ముదిరేదాకా ఉంచితే పులుసంతా చేదు. ఉల్లిగడ్డ పొద్దున్నే వేసి పెడితే మధ్యాహ్నానికి వాసన మారుతుంది. ఇక్కడ గంటకోసారి కొత్తగా కలుపుతారు.

పల్లీల తొక్కు రోట్లోనే నూరతారు. చుట్టూ పల్లి పండే ప్రాంతం, సంక్రాంతి ముందూ వెనకా మార్కెట్ నిండా పల్లీల కుప్పలే, అయినా తొక్కు పాడుచేసే హోటళ్లే ఎక్కువ. మిక్సీ వేడికి నూనె బయటికొచ్చి ముద్ద అవుతుంది. సన్నమంట మీద వేయించి, పొట్టు చెరిగి, ఎండుమిరపకాయలు, ఎల్లిగడ్డ, జీలకర్ర, ఉప్పుతో బరకగా దంచితేనే రొట్టెకు పట్టుకుంటుంది.

మటన్ ఆదివారం, బుధవారం మాత్రమే. అల్లం ఎల్లిగడ్డ, పసుపు, ఉప్పు పట్టించి ముందు దాని నీళ్లలోనే మగ్గిస్తారు, తర్వాత కారం, ధనియాలపొడి, వేయించి నూరిన కుడుక. నీళ్లు తక్కువైతే ఉడుకునీళ్లే పోస్తారు. చన్నీళ్లు పడితే గంజు చల్లారి ఉడకడం ఆలస్యమవుతుంది. ఎండాకాలం వెళ్తే చింతచిగురు మాంసం అడగండి. చిగురును నలిపి పుల్లలు తీసి, మాంసం ముప్పావు ఉడికాకే వేస్తారు. హోటల్ మొత్తంలో అన్నిటికంటే మంచి వంటకం ఇదే, ఇందులో అవ్వకూ నడిపికోడలికీ తేడా పట్టలేరు.

ఇక బోటి. కడగడంలో లోపం లేదు. చెయ్యి చురుక్కుమనేంత వేడినీళ్లలో ముంచి నల్లపొర గీకుతారు, తెర్లే నీళ్లలో వేస్తే ఆ పొర కరుచుకుని రాదు. పసుపు, ఉప్పు వేసి ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తారు. అక్కడిదాకా అంతా అవ్వ పద్ధతే. తప్పు ఆ తర్వాతే. అవ్వ దాన్ని వెడల్పు గంజులో రెండు గంటలు సన్నసెగ మీద ఉంచేది, నీరు ఇంకుతూ మసాలా లోపలికి దిగేది, చివరికి నూనె పైకి తేలేది. ఇప్పుడు కుక్కర్‌లో ఐదారు విజిల్స్ పెడుతున్నారు. బోటి మెత్తబడుతోంది గానీ నీరు ఇంకడం లేదు, చప్పదనం పోవడానికి గరం మసాలా ఎక్కువేస్తున్నారు, నోట్లో ముందు లవంగం తగులుతోంది. కుక్కర్ వాడక తప్పదనుకుంటే మూత తీశాక అరగంటైనా వెడల్పు గంజులోకి మార్చి వేయించాలి. ఆ మార్పు వచ్చేదాకా బోటి బదులు పుంటికూర పప్పు తీసుకోవడం మేలు.

ధరలు న్యాయంగా ఉన్నాయి. రొట్టె ఇరవై రూపాయలు. రెండు రొట్టెలు, పప్పు, తొక్కు, పచ్చిపులుసు కలిపి డెబ్బై. హమాలీలకు ఇదే యాభైకి ఇస్తారు, నెల ఖాతా కూడా నడుస్తుంది. అవ్వ పెట్టిన ఈ తగ్గింపును కోడళ్లు తీసేయలేదు. కూర్చునే చోటు ఇరుకు, ఫ్యాను ఒక్కటే, ఎండాకాలం పొయ్యి సెగ బల్లలదాకా కొడుతుంది. చేతులు కడిగే తొట్టి దగ్గర జారుతుంది, ముసలివాళ్లను తీసుకెళ్తే చెయ్యి పట్టుకోండి.

పదకొండున్నరకు వెళ్తే పొంగిన రొట్టె పొంగినట్టే కంచంలోకి వస్తుంది. పల్లీల సీజన్‌లో ఒంటిగంట దాటితే అరగంట నిలబడాలి, రెండున్నరకు పిండి అయిపోతుంది. పార్శిల్ కావాలంటే బట్ట తీసుకెళ్లండి. వేడిరొట్టెను ప్లాస్టిక్ కవర్లో మూస్తే ఆవిరికి తడిసి ముద్దవుతుంది. పదికి మించి కావాలంటే ముందురోజే చెప్పాలి. దూరం తీసుకెళ్లేవాళ్లు కడక్ రొట్టె అడగండి: నువ్వులు అద్ది పలుచగా తట్టి, కాల్చాక పొయ్యి చుట్టూ నిలబెట్టి ఆరబెడతారు. తడి తగలకుండా డబ్బాలో పెడితే రెండు వారాలకు పైగా నిలుస్తుంది.