భీంబేట్కా: బొమ్మల కంటే ముందు ఆ గుంటలు చూడండి

సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే రైలు ఇటార్సీ దాటాక వింధ్య కొండల్లోంచి సాగుతుంది. 1957లో పురావస్తు పరిశోధకుడు విష్ణు వాకణ్కర్ రైల్లో వెళ్తూ ఇక్కడి రాళ్లను చూశారు. తర్వాత వెతుక్కుంటూ వచ్చి, ఆదిమానవుల బొమ్మలున్న భీంబేట్కా గుహలను వెలుగులోకి తెచ్చారు. 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

గుహలకు దగ్గరని మొదటి రాత్రి హైవే పక్కన ఒక లాడ్జిలో దిగాం. తెల్లవార్లూ లారీల మోత, పొద్దున వేడినీళ్లు లేవు. భోపాల్ నుంచి 45 కిలోమీటర్లే కాబట్టి అక్కడే ఉండటం మంచిది. కారు మాత్రం రోజంతటికీ మాట్లాడుకోండి. "గంటలో చూసేయొచ్చు సార్" అని మా డ్రైవర్ తొందరపెడుతూనే ఉన్నాడు. గంట ఏ మూలకూ చాలదు.

సందర్శకులకు తెరిచినవి పదిహేను గుహల దాకా ఉన్నాయి. గైడు మమ్మల్ని నేరుగా జంతువుల బొమ్మలున్న 'జూ రాక్' దగ్గరికి నడిపించబోయాడు. బాగా తెలిసినవాడే, ఓపికగా చెప్పాడు కూడా. కానీ ముందు ఆడిటోరియం గుహలో ఆగుదామని నేనే పట్టుబట్టాను.

సొరంగంలాంటి ఆ గుహలో ఒక పెద్ద బండ ఉంది. దాని నిలువు ముఖం మీద తొమ్మిది గుంటలు, చిన్న గిన్నె అడుగుల్లా గుండ్రంగా ఉన్నాయి. నిలువు రాతి మీద ఉన్నవాటిలో నీళ్లు నిలవవు, గింజలు దంచడానికీ పనికిరావు. అందుకే అవి ఏదో క్రతువు కోసం చేసినవని కొందరు పరిశోధకుల నమ్మకం. వాటి వయసు మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. పైగా ఇది క్వార్ట్జైట్, మహా గట్టి రాయి. మధ్యప్రదేశ్‌లోనే ఉన్న దరకీ చట్టాన్ గుహ దగ్గర రాతి చిత్రాల పరిశోధకుడు గిరిరాజ్ కుమార్ బృందం ప్రయోగం చేసి చూస్తే, ఇలాంటి ఒక్క గుంటకే వేల దెబ్బలు పట్టాయి. కడుపు నింపని పనికి ఎవరో అంత శ్రమపడ్డారు! ఆ బండ ముందు నాకు మాట రాలేదు.

1970లలో పురావస్తు శాస్త్రవేత్త వి.ఎన్. మిశ్రా తవ్వించిన గుహ కూడా ఈ పక్కనే. దాదాపు నాలుగు మీటర్ల మట్టిలో పైన చిన్న రాతి పనిముట్లు, అడుగున అంతకంటే చాలా పాతవైన రాతి చేతి గొడ్డళ్లు, పొర మీద పొరగా దొరికాయి. ఈ కొండ మీది గుహల్లో మధ్యశిలాయుగపు సమాధులు కూడా బయటపడ్డాయి. అంటే బతికిన చోటే చనిపోయినవాళ్లనూ పెట్టుకున్నారన్నమాట. ఇంతటి విషయాన్ని సందర్శకుడికి చెప్పే ఏర్పాటు మాత్రం చాలా తక్కువ, బోర్డులు రెండు ముక్కలతో సరిపెట్టేస్తాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది.

పైన తేనెతుట్టెలుంటాయి, పిల్లల్ని కేకలు పెట్టనివ్వకండి. ఆడిటోరియం గుహ పైకప్పు మీద కనిపించిన ఒక ముద్రను 2021లో అతి ప్రాచీన జీవి శిలాజమన్నారు. అది రాలిపోయిన తేనెతుట్టె గుర్తని 2023లో తేలింది.

నీళ్లు మీరే తీసుకెళ్లండి. వీలుంటే ముందురోజు భోపాల్‌లోని మానవ సంగ్రహాలయం చూడండి. అక్కడి ఆవరణలోనూ బొమ్మలున్న రాతి గుహలున్నాయి. ఆ సంగ్రహాలయానికి సోమవారం సెలవు.