నామ్ డోక్ మాయ్ కొనాలా, ఓక్ రోంగ్ కొనాలా?

థాయ్‌లాండ్‌లో ఏప్రిల్, మే నెలల్లో మామిడిపండుతో కొబ్బరిపాల జిగురు అన్నం తినాలనుకునేవారికి ఎదురయ్యే ప్రశ్న ఇది. రెండూ అక్కడి మామిడి రకాలే.

రూపం: నామ్ డోక్ మాయ్ పొడవుగా, కొన వంపు తిరిగి, పల్చటి టెంకతో ఉంటుంది. ఓక్ రోంగ్ చిన్నది. పొట్ట మీద నిలువుగా గాడి కనిపిస్తుంది.

రుచి: మొదటిదానిలో పీచు దాదాపు ఉండదు, ముక్క నున్నగా తెగుతుంది. రెండోదానిలో కాస్త పీచు ఉంటుంది, కానీ ఆ తీపి ఎంత గాఢమో! చిటికెడు ఉప్పు పడిన కొబ్బరిపాలకు అదే సరిజోడు. జిగురు అన్నంతో మొదటినుంచీ తింటున్నదీ అదే.

దొరకడం: నామ్ డోక్ మాయ్‌ని అకాలంలోనూ కాయిస్తారు కాబట్టి దాదాపు ఏడాదంతా దొరుకుతుంది. ఓక్ రోంగ్‌కు వేసవి రావాల్సిందే.

జాగ్రత్త: నామ్ డోక్ మాయ్ తొక్క పల్చన, నొక్కితే కమిలిపోతుంది. దూరం తీసుకెళ్లాలంటే అందులోనే బంగారు రంగు ‘సీ థోంగ్’ రకం మేలు. జపాన్, కొరియాలకు ఎక్కువగా వెళ్లేది అదే. అయితే అది పండకముందే పసుపెక్కుతుంది. రంగును నమ్మి కోస్తే పులుపే మిగులుతుంది, కాడ దగ్గర వాసన చూడండి.

బంగినపల్లి ఇష్టపడేవారికి, అతిథులకు ముక్కలు అందంగా వడ్డించేవారికి నామ్ డోక్ మాయ్. రసాల పీచుకు అలవాటుపడినవారు వేసవిలో వెళ్తే మాత్రం ఓక్ రోంగే తినాలి. పచ్చికాయ కావాలంటే రెండూ వద్దు, ఖియావ్ సావోయ్ అనే రకం అడగండి.