లేక్ వ్యూ రూములో కాకులు, బావమరిది ఫోన్లో ఫ్లెమింగోలు

పులికాట్ సరస్సు పక్షుల కోసం సూళ్లూరుపేట వెళ్తున్నారా? లాడ్జిలో ఎవరైనా "లేక్ వ్యూ రూము ఉంది సార్" అంటే ఆ మెట్లు దిగి వచ్చేయండి. ఊళ్లోంచి సరస్సు కనపడదు. ఫోన్లో మ్యాపు తీస్తే చిన్నపిల్లాడికైనా తెలిసే సంగతి, నాకు మాత్రం 600 రూపాయలు ఎక్కువ కట్టాక తెలిసింది.

మామూలు ఏసీ రూము 1,800, వ్యూ రూము 2,400. కిటికీ తెరిస్తే పక్కింటి మీద నల్ల నీళ్ల ట్యాంకు, దాని మీద రెండు కాకులు. సరస్సు ఏదయ్యా అని రూంబాయ్‌ని అడిగితే చెయ్యి చాపి "అటేపే సార్" అన్నాడు. దిక్కు వరకూ కరెక్టే చెప్పాడు, తూర్పే. మా బావమరిది అప్పటికే మంచం మీద వాలిపోయి, "కాకులు కూడా పక్షులే కదా బావా, ఫొటో తీసేయ్, ఇంటికి పోదాం" అన్నాడు. వాడు వచ్చింది పక్షుల కోసం కాదు, చేపల పులుసు కోసం. ఒంగోల్లో కారెక్కేటప్పుడే ఆ మాట చెప్పి ఎక్కాడు, పైగా దారిలో రెండుసార్లు గుర్తు చేశాడు.

అంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. అసలు దెబ్బ వేరే ఉంది. ఆ రూములో తాళంచెవి బిళ్ల గోడకున్న డబ్బాలో పెడితేనే కరెంటు వస్తుంది. కెమెరా బ్యాటరీలు రెండూ చార్జింగ్‌లో పెట్టి, తాళం వేసుకుని టిఫిన్‌కి పోయాం, తాళంచెవితో పాటు బిళ్లా మా జేబులోనే వచ్చింది, అంటే అంతసేపూ కరెంటు లేదు. తిరిగొచ్చి, బిళ్ల మళ్లీ డబ్బాలో పెట్టి, లైట్లార్పేసి పడుకున్నాం. రాత్రి ఆ బిళ్ల డబ్బాలోంచి జారి కింద పడిపోయింది, అది ఎప్పుడు పడిందో దేవుడికి తెలియాలి. నాలుగున్నరకి లేచేసరికి ఏసీ లేదు, ఫ్యాను లేదు, దోమలు మాత్రం నిండుగా ఉన్నాయి. ఒక బ్యాటరీ 20 శాతం, రెండోది పూర్తిగా ఖాళీ. రోజుకి 1,200 చొప్పున రెండు రోజులకి అద్దెకి తెచ్చిన లెన్సు, దాని డిపాజిట్టు, 3,200 పెట్రోలు, టోలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి వెళ్తుంది. రాకెట్ కేంద్రం దగ్గర మామూలు జనాన్ని ఆపేస్తారు గానీ, మనకి కావలసింది ఆ లోపే రోడ్డుకి రెండు పక్కలా ఉంటుంది. చలికాలంలో పొద్దున్నే వెళ్తే ఉత్తరం వైపు చూడండి, ఎండ మీ వెనక నుంచి పడుతుంది. దక్షిణం వైపు తీస్తే పక్షులు నల్ల కాగితం కత్తిరించినట్టు వస్తాయి. తొమ్మిది దాటాక ఇక దండగే, బురద మీంచి లేచే వేడికి గాలి అల్లాడి ఫొటో మసకబారుతుంది, మనం లెన్సుని తిట్టుకుంటాం.

ఫ్లెమింగోలు కనపడ్డాయి, వందల్లో. పేపర్లలో రాజహంసలని రాస్తుంటారు గానీ ఇవి హంస జాతి కాదు. తలకిందులుగా ముక్కు నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లు లాగి, జల్లెడ పట్టినట్టు వడకట్టుకుని తింటాయి. ఆ తిండిలో ఉన్న నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల వల్లే ఒంటికి గులాబీ రంగు. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. ఆ మాట చెప్తే మా వాడు కాసేపు ఆలోచించి, "అంటే మనం ఇన్నేళ్లు రొయ్యలు తిన్నా రంగు రాలేదేం బావా" అన్నాడు. మోకాలు వెనక్కి వంగినట్టు కనపడేది కూడా మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది.

దగ్గరికి పోదామని మావాడు గట్టు దిగాడు. నాలుగడుగులకే బురద పిక్కల దాకా వచ్చింది, ఎడమ చెప్పు పులికాట్‌కే సమర్పయామి. పక్షులు తాపీగా మరో యాభై గజాలు అవతలికి నడిచాయి.

నిలబడి ఉన్నప్పుడు ఇవి వెలిసిపోయిన చీరలా ఉంటాయి. రెక్క విప్పితేనే లోపలి ఎరుపు, అంచు నలుపు బయటపడతాయి. నీళ్ల మీద నాలుగడుగులు పరిగెత్తి లేస్తాయి, ఆ క్షణం కోసమే అందరూ పడిగాపులు. గంటన్నర కాచుకున్నాను. సరిగ్గా గుంపు పరుగు మొదలెట్టింది, షట్టరు నొక్కాను, కెమెరా ఒక్కసారి కన్ను కొట్టి ఆరిపోయింది. ఇరవై శాతం అయిపోయింది. పక్కనే ఒక కాలికి చెప్పుతో నిలబడ్డ మా బావమరిది ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు.

లాడ్జికి వచ్చి వ్యూ చార్జీ తిరిగివ్వమన్నాను. మేనేజరు గారు చాలా మర్యాదగా, "వానాకాలంలో వస్తే నీళ్లు రోడ్డు మీదికే వస్తాయి సార్" అన్నాడు. పదిహేను నిమిషాల గొడవకి 200 వెనక్కొచ్చాయి. ఆ రెండొందలు ఇచ్చేటప్పుడు ఆయన ముఖం చూస్తే నేనే ఆయన్ని దోచుకున్నట్టుంది.

తర్వాత హైవే పక్కన చిన్న మెస్సు. బోర్డు కూడా సగం చెరిగిపోయింది. భోజనం 120, చేపల పులుసు 130. మామిడికాయ ముక్కలేసిన పులుసు, ముందురోజు కాచి ఉంచిందట, మావాడు మూడోసారి అన్నం పెట్టించుకునేదాకా నోరెత్తలేదు. చార్జింగ్ పెట్టుకోవచ్చా అని అడిగితే, మెస్సు నడిపే ఆవిడ కౌంటరు వెనక వెంకటేశ్వరస్వామి పటం కింది ప్లగ్గులో దీపం లైటు తీసేసి మరీ నా చార్జర్ పెట్టింది. "స్వామేం అనుకోడులే నాయనా, తినండి నిదానంగా" అంది. డబ్బులిస్తే తీసుకోలేదు. రెండు వేల నాలుగొందల రూములో దొరకని కరెంటు అక్కడ ఊరికే దొరికింది.

ఆ బ్యాటరీతోనే నేలపట్టు చూశాం. సూళ్లూరుపేట నుంచి ఉత్తరంగా 20 కిలోమీటర్లుంటుంది, దొరవారి సత్రం దగ్గర. 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. చెరువులో సగం మునిగిన కడప చెట్ల నిండా గూళ్లు (ఆ జిల్లాకీ ఈ చెట్టుకీ సంబంధం అంటగట్టకండి). గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు. వాసన గురించి ఎవరూ ముందు చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా, జేబురుమాలు తీసుకెళ్లండి. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకి ఎరువులా పనిచేస్తాయని రైతులు పక్షుల జోలికి పోరు.

నత్తగుల్ల కొంగకి ముక్కు పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని పట్టుకోవడానికి పనికొచ్చే ఏర్పాటు అది, పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. నీటికాకి రెక్కలు ఆరేసుకుని కూర్చోవడం చూసి మావాడు వాటి పక్షం చేరాడు, వాడి ప్యాంటు కూడా ఇంకా ఆరలేదు. సాయంత్రం గూడబాతులు ఒక్కొక్కటీ దిగుతుంటే విమానాశ్రయం చూసినట్టుంది. వాటిని నిండుగా తీశాను, 400 పైనే.

కొత్తగా కెమెరా పట్టినవాళ్లు మాత్రం ముందు గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్లండి. చెరువు చిన్నది, పక్షులు దగ్గర, ఇంత లెన్సు అక్కర్లేదు. పులికాట్‌కి పెద్ద లెన్సు, ఓపిక, పవర్ బ్యాంకు మూడూ కావాలి, బస మాత్రం వ్యూ లేని రూములోనే.

ఇంటికొచ్చి నా గూడబాతులన్నీ మా ఆవిడకి చూపించాను. బావున్నాయండీ అంది. ఆవిడ వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం వాళ్ల తమ్ముడి ఫ్లెమింగోలే ఎగురుతున్నాయి, మూలన నా వీపు, చేతిలో ఆరిపోయిన కెమెరా.